పాలపళ్ళకు రూ.64 వేలా? ఈఎంఐలో కట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా పాపకు ఐదేళ్ళు దాటాయి. పళ్ళు పుచ్చాయని క్లినిక్‌కు తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి ఎస్టిమేట్ ఇచ్చారు. కింద రెండు వైపులా చివరి దవడ పళ్ళకు రూట్ కెనాల్ (ఒక్కోదానికి రూ.5,500), వాటిపై పంటిరంగులో ఉండే జిర్కోనియా క్యాప్ (రూ.9,000). పైన రెండు దవడ పళ్ళకు ఫిల్లింగ్ (రూ.1,500 చొప్పున). పై ముందు పళ్ళు నాలుగింటికీ జిర్కోనియా క్యాపులు (రూ.8,000 చొప్పున). అంతా కలిపి రూ.64 వేలు. దవడ పంటికి స్టీల్ క్యాప్ చాలనుకుంటే రూ.2,500 అన్నారు. కింది పన్ను ఒకటి రాత్రిళ్ళు నొప్పి పెడుతోంది. ముందు పళ్ళు గోధుమరంగుకు తిరిగాయి గానీ నొప్పి లేదు. క్లినిక్‌వాళ్ళు 12 నెలల ‘నో కాస్ట్ ఈఎంఐ’ ఇప్పిస్తామంటున్నారు. మా ఇద్దరి జీతాల్లో ఖర్చులు పోను నెలకు ఏడెనిమిది వేలు మిగులుతాయి. రూ.80 వేల ఎఫ్‌డీ ఉంది. మా అత్తగారేమో ‘ఊడిపోయే పళ్ళకు ఇంత తగలేస్తారా, పీకించేయండి’ అంటున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి మాట ముందు పళ్ళ విషయంలో చాలావరకు నిజం. దవడ పళ్ళ విషయంలో మాత్రం ఆమె మాట వింటే తర్వాత ఎక్కువ ఖర్చవుతుంది.

పాలపళ్ళు ఇరవై. అవన్నీ ఒకేసారి ఊడవు. పై ముందు పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య రాలిపోతాయి. చివరి దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. మీ పాప ముందు పంటికి ఇంకా రెండేళ్ళ ఆయుష్షు ఉందనుకుందాం. దానికి రూ.8,000 పెడితే పంటికి ఏడాదికి రూ.4,000 పడుతుంది. కింది దవడ పంటికి రూట్ కెనాల్, స్టీల్ క్యాప్ కలిపి రూ.8,000. అది కనీసం ఐదేళ్ళు నమలడానికి పనికొస్తుంది కాబట్టి ఏడాదికి రూ.1,600. ఎస్టిమేట్‌లో సగం డబ్బు, అంటే రూ.32 వేలు, తక్కువ కాలం ఉండే పళ్ళ మీదే ఉంది. తగ్గించాల్సింది అక్కడ.

దవడ పన్ను పీకించడం చవక అనిపిస్తుంది, కానీ కాదు. ఆరేళ్ళ వయసులో ఆ పన్ను వెనకే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ముందున్న పాలపన్ను దాన్ని సరైన చోట నిలబెడుతుంది. అది లేకపోతే కొత్త పన్ను ముందుకు జరిగి, లోపల నుంచి రావాల్సిన పంటి చోటు ఆక్రమిస్తుంది. అందుకే పీకితే చోటు కాపాడే స్పేస్ మెయింటెయినర్ పెట్టించాలి. వెనక పన్ను ఇంకా రాని ఈ వయసులో మామూలు బ్యాండ్ అండ్ లూప్ (పక్క పంటికి పట్టీ వేసి, తీగతో ఖాళీని నిలిపేది) కుదరదు, చిగురు లోపలికి దిగే రకం కావాలి. అది వేయడమూ, పిల్లలు భరించడమూ కష్టమే. ఏదీ పెట్టించకపోతే పదమూడు పద్నాలుగేళ్ళకు క్లిప్పుల ఖర్చు ఎదురుకావచ్చు. వేరు దగ్గర చీము పట్టి ఎముక తినేసిన పన్నయితే వేరే సంగతి, దాన్ని తీయక తప్పదు.

ఇక క్యాప్ సంగతి. పిల్లల దవడ పంటికి స్టీల్ క్యాప్ తక్కువ రకం కాదు. సైజులవారీగా తయారై వస్తుంది, అంచులను పట్టకారుతో నొక్కి పంటికి బిగిస్తారు. జిర్కోనియాను అలా వంచలేరు. పన్నునే ఎక్కువ అరగదీసి దానికి సరిపెట్టాలి. ఆ పనిలో చిగురు నుంచి రక్తం వస్తే సిమెంటు సరిగా పట్టక ఊడొచ్చే ప్రమాదం కూడా ఉంది. వెండిరంగు కనబడకూడదన్న ఒక్క కారణానికి రెండు పళ్ళకు కలిపి రూ.13,000 అదనంగా కట్టడం, వెనక పళ్ళ విషయంలో నాకు దండగే అనిపిస్తుంది. స్టీల్ క్యాప్‌లో నికెల్ ఉంటుంది కాబట్టి, పాపకు దాని అలర్జీ ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి.

రూట్ కెనాల్ చేయించి ‘క్యాప్ తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేయకండి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. క్యాప్ లేని ఆ పన్ను పెళుసుగా ఉండి విరుగుతుంది, రూ.5,500 వృథా అవుతుంది. రెండు కింది పళ్ళకూ పూర్తి రూట్ కెనాల్ అవసరమా అని కూడా అడగండి. రాత్రిళ్ళు దానంతటదే నొప్పి పుట్టే పంటికి అది అవసరం కావచ్చు. రెండోదానికి నొప్పి లేక, ఎక్స్‌రేలో వేరు దగ్గర మచ్చ లేకపోతే, పై భాగం నరం మాత్రమే తీసి మందు పెట్టే పల్పాటమీ సరిపోవచ్చు. పై దవడ పళ్ళలో పుచ్చు రెండు పళ్ళ మధ్య సందులో ఉంటే ఫిల్లింగ్ ఎంతకాలం నిలుస్తుందో అడగండి. అలాంటి చోట అది తరచూ ఊడుతుంది.

ముందు పళ్ళకు రెండు దారులున్నాయి. రూ.1,500 చొప్పున పంటిరంగు ఫిల్లింగ్ అయితే నాలుగింటికి రూ.6,000. లేదా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రావణం పూయడం. డ్రిల్లింగ్, సూది ఉండవు. పుచ్చు చాలావరకు ఆగుతుంది, కానీ ఆ చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ పూయాలి. నరం దాకా పుచ్చు పోయినా, చిగురు మీద పొక్కు ఉన్నా ఇది పనిచేయదు. నవ్వితే నలుపు కనిపించడం మీకు అభ్యంతరమైతే ఫిల్లింగే మేలు.

ఇలా చూస్తే కింది దవడకు రూ.16,000, పై దవడకు రూ.3,000, ముందు పళ్ళకు రూ.6,000. మొత్తం రూ.25 వేలు. మత్తు ఇవ్వాల్సి వస్తే అది ఇందులో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. పూర్తి మత్తుకు ఎనస్థటిస్ట్ ఫీజు, బెడ్ చార్జీ వేరుగా పడతాయి.

ఈఎంఐ వద్దు. అప్పిచ్చే సంస్థ మొత్తం సొమ్ము ముందే క్లినిక్‌కు ఇచ్చేస్తుంది. పాప రెండో సిట్టింగ్‌కు నోరు తెరవకపోయినా, డాక్టరు మారినా మీ కిస్తీ ఆగదు. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ అదనం. ఆ ‘సున్నా వడ్డీ’ని క్లినిక్ తన బిల్లులోంచే భరిస్తుంది కాబట్టి, నగదుగా కడితే ఎంత తగ్గిస్తారని అడగండి. ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగే కడతామని చెప్పండి. నొప్పి ఉన్న పన్ను ఈ వారమే, రెండోది పక్షంలో. ఆ రెంటికీ మీ మిగులు చాలదు. కావాల్సిన ఎనిమిది పది వేలకు ఎఫ్‌డీ విరవకుండా దానిపై ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటుకు ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. పది వేలకు రెండు నెలల వడ్డీ నూటయాభై రూపాయల చుట్టుపక్కలే. మిగతా పళ్ళు తర్వాతి రెండు నెలల జీతాల్లోంచి.

మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రమాదంలో దెబ్బతిన్న పళ్ళకు తప్ప దంత చికిత్సకు కవరేజీ ఉండదు. ఓపీడీ రైడర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్సకు అదనపు కవరేజీ) ఉంటే చూసుకోండి. ఆదాయపన్నులో ఆరోగ్య బీమాకు ఇచ్చే మినహాయింపు ఈ బిల్లుకు రాదు. చికిత్సపై జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. మీ జీతాల్లో ఈఎస్‌ఐ కోత ఉంటే ముందు ఆ ఆసుపత్రిలోనే దంత విభాగం చూడండి. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పిల్లల దంత విభాగం ఉంది. ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ ఎక్కువసార్లు తిరగాలి. సెలవు పెడితే పోయే జీతం కూడా లెక్కలో వేసుకోండి.

ఓవర్‌డ్రాఫ్ట్ తీరాక నెలకు రూ.500 ఆర్‌డీ మొదలుపెట్టండి. ఆరు నెలలకోసారి చెకప్, పుచ్చు రాకుండా పూసే ఫ్లోరైడ్ వార్నిష్, ఆరేళ్ళకు వచ్చే దవడ పళ్ళ గాడులను పూడ్చే సీలెంట్ అందులోంచి అయిపోతాయి. రాత్రి పాలు తాగాక బ్రష్ చేయించండి. కనీసం 1,000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, బఠాణీ గింజంత చాలు.