సూది ఏయించే ముందు

బిడ్డా,

ఆవుల డెయిరీ పెడుతున్నవని, పెయ్యలను బయట కొనకుండ, చూలు సూదులు ఏయించి నువ్వే తయారు చేసుకుంటవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంతోషమైంది, గుబులు కూడా పుట్టింది.

షెడ్డు, గడ్డి, గాలికుంటు టీకాలు నీకు ఎర్కే. ఆవును గుర్తువట్టే 12 అంకెల పోగులు చెవులకు ఏయించు.

నా భయమంతా ఒక్కకాడనే. పాలెక్కువిచ్చే ఆవును చూసి మురిసిపోతవేమోనని. మీ తాత అట్లనే మురిసిండు. పూటకు ఏడు లీటర్లిచ్చే ఆవు ఒకటుండె. దాని కోడెదూడను అమ్మకుండ ఉంచి, మందకంతా దాన్నే దాటించిండు. అయితే ఆ ఒక్క ఆవుకే మీ అమ్మమ్మ పల్లిచెక్క, కుడితి పెట్టేది. మిగతావాటికి ఒట్టి వరిగడ్డి. ఆవుకూ ఆవుకూ పాలల్ల ఉండే తేడాల తల్లిదండ్రుల నుంచొచ్చే రక్తం వంతు పావు, మహా అయితే మూడో వంతు. మిగిలిందంతా మేత, ఎండ, ఎన్నో ఈత అన్నది. కోడె బిడ్డలు ఈనినంక చూస్తే తోటి ఆవులకంటే గిలాసెడు పాలు కూడా ఎక్కువియ్యలే.

అప్పుడన్న ఆగిండా? ఆ పెయ్యలను మళ్ల అదే కోడెకు కట్టించిండు. తండ్రికి బిడ్డను కట్టిస్తే పుట్టే దూడకు సగటున నాలుగో వంతు జన్యువులల్ల తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి ఒకటే నకలు పడతది. దాగున్న లోపాలు అక్కడ బయటవడతయ్. దూడలు సన్నగ పుట్టినయ్, పెయ్యలకు చూలు నిలువలే. మంద అమ్మిననాడు మీ అమ్మ కొట్టం ఎనుక కూసొని ఏడ్చింది. ఆ సంగతి దాన్ని అడగకు.

కోడెను దాని బిడ్డలల్ల చూడాలె. చానా ఊర్లల్ల ఈనిన బిడ్డల పాలను, అదే కొట్టంల అదే కాలంల ఈనిన ఆవులతోటి పోల్చి కోడెకు అంకె కడతరు. పక్కన ఆ అంకె ఎంత నికరమో చెప్పే నమ్మకం శాతం ఉంటది, అది చూడకుండ అంకెను నమ్మకు. ఇప్పుడు దూడప్పుడే జన్యువులు చూసి అంచనా కడుతున్నరు. అట్ల జన్యువులు చూసెటందుకు 2024ల కేంద్రం ఆవులకు గౌచిప్, బర్లకు మహిష్‌చిప్ తెచ్చింది. అవి కూడా రైతుల కొట్టాలల్ల రాసిన పాల లెక్కల మీదనే నడుస్తయ్. అందుకే నెలకొక్కనాడు పొద్దటివి, మాపటివి కొలిచి రాయి. బద్ధకమైతదని నాకు తెలుసు, చిన్నప్పుడు నీ హోంవర్కు చేయించింది నేనే కదా!

ఊర్లల్ల చూలు సూదులేసే గోపాలమిత్ర వచ్చినప్పుడు వీర్యం గొట్టం మీది కోడె నంబరు నువ్వే చదువు. పెయ్య తండ్రి నంబరు అదే అయితే వద్దను. హెచ్‌ఎఫ్ అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమ జాతి, దాని రక్తం సగం దాటనియ్యకు, మే నెలల మన నల్లగొండ ఎండకు నురగలు కక్కే ఆవులను నేను చూసిన. పాలకేంద్రంల వెన్న చూసి పైసలిస్తరు గన్క కోడెకున్న వెన్న అంకె కూడా చూడు.

ఇయ్యాల ఏసిన సూదికి పుట్టే పెయ్య పాలిచ్చేసరికి మూడేండ్లు దాటుతది, ఆగమాగం గాకు. యాళ్లకు తిను. పోగుల నంబర్లు నాకు పంపు, దసరాకొచ్చినప్పుడు ఏ పెయ్యకు ఏ కోడెనో కూసొని చూద్దాం. పైసలు తక్కువపడితే నాకే ఫోన్ చెయ్, మీ అత్తకు మాత్రం తెల్వనియ్యకు.

మీ మామ