అడగడం అబ్బాయికే అలవాటు చేయండి

కావలి నుంచి రాసిన అమ్మగారికి నమస్కారం. చూపు బాగా తక్కువైన మీ అబ్బాయి ఇంటర్ ముగించుకొని నెల్లూరులో డిగ్రీ చేరబోతున్నాడనీ, ఇప్పటికీ ఎక్కడికి వెళ్లినా అతని తరఫున మీరే మాట్లాడుతున్నారనీ రాశారు.

ముందు, తనకు కావలసినదేమిటో రెండు వాక్యాల్లో చెప్పడం నేర్పండి. “నాకు చూపు లేదు సార్” అంటే ఎదుటివారికి జాలి కలుగుతుందే గాని ఏం చేయాలో తోచదు. “బోర్డు మీది అక్షరాలు కనిపించవు, నోట్సు పెద్ద అక్షరాల్లో ఇప్పించండి” అంటే పని జరుగుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షల్లో లేఖకుడి (విద్యార్థి చెప్పిన జవాబులను రాసిపెట్టేవారి) సాయాన్నీ, అదనపు సమయాన్నీ ప్రస్తావించింది. లేఖకుడికి అర్హులైనవారికి గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట, ఎక్కువ ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. వీటిని కోరుతూ ప్రిన్సిపాల్ గారికి అర్జీ అతనే రాయాలి, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నకలు జతచేసి అతనే ఇవ్వాలి.

సాధన మాత్రం బస్టాండులోనే మొదలుపెట్టండి. “ఇది నెల్లూరు బస్సేనా?” అని కండక్టరును అతనే అడగాలి, మీరు పదడుగుల దూరంలో ఉండండి. అతను తడబడినప్పుడు మీకు నోరు ఊరుకోదు (నా అనుభవంలో కష్టమంతా తల్లిదండ్రులదే), అయినా బస్సు ఒకటి తప్పిపోతే పోనివ్వండి, అరగంటలో మరొకటి వస్తుంది.