కారు హెడ్‌రెస్ట్‌కి వీడియో స్క్రీన్లు మనమే పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, కానీ హెడ్‌రెస్ట్ జోలికి పోకండి

మీరు అడిగింది రెండు విషయాలు కదా, వెనక కూర్చునే పిల్లల కోసం ముందు సీట్ల హెడ్‌రెస్ట్‌లకి స్క్రీన్లు మనమే బిగించుకోవచ్చా, దానికి సీటు మొత్తం విప్పాలా అని. బిగించుకోవచ్చండి, సీటు విప్పక్కర్లేదు. నేను ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్లు, కరెంటు ఉందో లేదో చూపే ఒక మల్టీమీటర్, కారు లోపలి పట్టీలు ఊడదీసే ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్‌తోనే చేశా, కాకపోతే రెండుసార్లు చేయాల్సొచ్చింది, మొదటిసారి పెట్టినవి నెల తిరక్కుండానే పీకేశా. అది ఎందుకో ముందు చెప్తా, మీకు ఆ తిప్పలు తప్పుతాయి.

ఇవి మూడు రకాలుగా దొరుకుతాయి. స్క్రీన్ లోపలే ఉన్న కొత్త హెడ్‌రెస్ట్, మనది తీసేసి అది పెట్టుకోవడం. రెండోది మన హెడ్‌రెస్ట్ ఫోమ్ కోసి అందులో స్క్రీన్ కూర్చోబెట్టేది. మూడోది హెడ్‌రెస్ట్ కింద కనపడే రెండు రాడ్లకి క్లాంప్‌తో వెనక తగిలించేది. నేను మొదట కొత్త హెడ్‌రెస్ట్‌లే తెచ్చా, చూడ్డానికి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటాయి, రాడ్లు బోలుగా ఉంటాయి కాబట్టి వైరు కూడా లోపల్నుంచే దిగిపోతుంది. రాడ్ల మధ్య దూరం కొలవడంలో ఒక పొరపాటు చేశా, బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచా, వాళ్ళు ఇచ్చే కొలత ఒక రాడ్ మధ్య నుంచి ఇంకో రాడ్ మధ్యకి ఉంటుంది. రాడ్ మందం కూడా కారుని బట్టి మారుతుంది, చాలావాటికి 10 నుంచి 14 మిల్లీమీటర్ల మధ్య. సరే మార్చుకుని ఎలాగో పెట్టా.

పెట్టాక డ్రైవింగ్ సీట్లో కూర్చుంటే తలకీ దానికీ మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ, పైకి లాగినా పాతది ఆగినంత ఎత్తులో ఆగట్లేదు. అప్పుడు కారు మాన్యువల్ తీసి చదివితే నా కారులో ముందు సీట్లకి ఉన్నవి యాక్టివ్ హెడ్‌రెస్ట్‌లు అని తెలిసింది. అంటే వెనక నుంచి ఎవరైనా గుద్దితే మన వీపు సీటుకి నొక్కుకున్నప్పుడు సీటు లోపలి మీట కదిలి హెడ్‌రెస్ట్ పైకి, ముందుకి వచ్చి తలని పట్టుకుంటుంది, మెడ వెనక్కి విరుచుకుపోకుండా. స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ వాళ్ళు 1997లో ఇలాంటిది తెచ్చారు, తర్వాత చాలా కంపెనీలు పెట్టాయి. అమెరికాలో అయితే 1969 నుంచే ముందు సీట్లకి హెడ్‌రెస్ట్ తప్పనిసరి, మెడ కాపాడ్డానికే. అలాంటిదాన్ని ఎవరో ఏ కారుకైనా సరిపోయేలా చేసిన ముక్కతో మార్చేసి దాని ముందు నా భార్యని కూర్చోబెట్టానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాతవి పెట్టేశా. ఫోమ్ కోసే రకం కూడా నా దృష్టిలో అంతే, మెడ దగ్గర మెత్తగా ఉండాల్సిన చోట డబ్బా పెట్టడం.

అందుకే నా మాట క్లాంప్ రకమే తీసుకోండి. బిగించాక కూడా హెడ్‌రెస్ట్ పైకీ కిందకీ ఆడాలి, దాని పై అంచు కూర్చున్నవాళ్ళ నడినెత్తి దాకా రావాలి. మీ కారుకీ యాక్టివ్ హెడ్‌రెస్ట్ ఉంటే ఆ రాడ్లకి బరువు వేలాడదీయొచ్చా లేదా అని మాన్యువల్ చూసుకున్నాకే కొనండి, నా మాన్యువల్‌లో వద్దనే ఉంది, అందుకని నేను సీటు వీపుకి బెల్టులతో కట్టే హోల్డర్ వాడా. అది కొనేటప్పుడు కూడా చూసుకోవాలి, సీటు బయటి పక్క సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ పక్క నుంచి బెల్టు చుట్టకూడదు, నాది పైనుంచి కిందకి కట్టేది. స్క్రీన్ అంచులు గుండ్రంగా, సన్నగా ఉన్నది చూడండి, సడన్ బ్రేక్ వేస్తే వెనకున్న పిల్లల మొహం తగిలేది దానికే. బ్యాటరీ ఉన్న ట్యాబ్లెట్ పర్మనెంట్‌గా బిగించొద్దు, ఎండలో పార్క్ చేసిన కారులో ఆ వేడికి లిథియం బ్యాటరీ ఉబ్బొచ్చు.

ఇంక కరెంటు సంగతి, అసలు పనంతా ఇక్కడే. నా స్క్రీన్ వెనక 12 వోల్టులు 1.5 ఆంపియర్ అని రాసుంది, రెండిటికీ కలిపి 3, కాబట్టి 5 ఆంపియర్ ఫ్యూజ్ సరిపోయింది. ఏ వైరూ కొయ్యకుండా ఫ్యూజ్ బాక్స్‌లో ఫ్యూజ్ ట్యాప్ అని ఒకటి గుచ్చుతాం, అందులో పాత ఫ్యూజ్ ఒకటి, మన ఫ్యూజ్ ఒకటి రెండూ కూర్చుంటాయి, రేపు తీసేస్తే కారు ఎప్పట్లాగే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజ్‌లు ముట్టుకోవద్దు, ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజ్ లాంటిది చూసుకోండి. తాళం తీసేస్తే కరెంటు పోయే ఫ్యూజే కావాలి, అది మల్టీమీటర్‌తోనే తేల్చుకోవాలి, అదీ కారు లాక్ చేసి పావుగంట ఆగి చూడాలి ఎందుకంటే ఈమధ్య కార్లు ఆపిన వెంటనే పూర్తిగా నిద్రపోవు. నేను మొదటిసారి ఆగకుండా చూసి, ఇంకా కరెంటు ఉన్నా కాసేపటికి పోతుందిలే అనుకుని ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కి ఇచ్చేశా, నాలుగు రోజులు కారు తియ్యలేదు, ఐదో రోజు బ్యాటరీ డౌన్. ట్యాప్ గుచ్చే వైపు కూడా ముఖ్యం, తిరగేసి పెడితే మన లోడ్ కూడా పాత ఫ్యూజ్ మీదుగానే వెళ్తుంది. ఎర్త్ వైరు బాడీ ఇనుముకి తగిలే బోల్టు కింద పెట్టండి, పెయింట్ ఉంటే గీకి పెట్టండి, సీట్ బెల్ట్ బోల్టు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు.

వైరు డాష్‌బోర్డు నుంచి డోర్ కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ కిందగా, కార్పెట్ కిందగా సీటు అడుగుకి వస్తుంది. సీటు కింద పసుపు రంగు వైర్లు, పసుపు ప్లగ్గులు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని కదపొద్దు. మన వైరు సీటుకి లోపలి వైపు నుంచి, అంటే గేర్ ఉండే వైపు నుంచి పైకి తీసుకెళ్ళండి. సీటు కవర్ లోపల్నుంచి లాగడం కూడా చేస్తారు కానీ నేను సీటు వెనక ఉండే జేబు (మ్యాప్ పాకెట్) లోంచి పైకి లాగి వదిలేశా, కనపడదు, కవర్ విప్పే పని లేదు.

ఒక్కటి మాత్రం బద్ధకించకండి, సీటు పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి, తర్వాత వీపు మొత్తం వాల్చి వైరు ఎక్కడా లాక్కోకుండా, సీటు జరిగే ఇనప పట్టాలో ఇరుక్కోకుండా ఉందా అని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి. నాది రెండో నెలలో సీటు పట్టా కింద పడి నలిగింది, పైన తోలు చిరిగి రాగి ఇనుముకి తగిలింది, ఠక్కున ఫ్యూజ్ కొట్టేసింది. ఫ్యూజ్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ వైరు కార్పెట్ కింద ఎర్రగా కాలేది. తర్వాత ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, గుడ్డ టేప్ చుట్టి, జిప్ టైలతో సీటు ఫ్రేముకి కట్టా, టేప్ వల్ల గరగర చప్పుడు కూడా పోయింది.

సౌండ్‌కి, స్క్రీన్ సౌండ్‌ని కారు రేడియోలో వినిపించే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వాడి చూశా, దారిలో వేరే స్టేషన్ అడ్డొస్తుంటుంది, పైగా కారంతా కార్టూన్ మోత. పిల్లలిద్దరికీ మామూలు వైరు హెడ్‌ఫోన్లు ఇచ్చేశా, వాల్యూమ్‌కి లిమిట్ ఉన్నవి. వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూపిస్తే, దాన్ని ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, అది గుర్తుంచుకోండి.

పిల్లలకి వాంతులు అవుతాయా అని అనుమానం ఉంటే, అవుతాయి, కొందరికి. కళ్ళేమో ఏమీ కదలట్లేదంటాయి, చెవిలో ఉండే బ్యాలెన్స్ ఏమో కదులుతున్నాం అంటుంది, ఆ తేడాకే తిప్పుతుంది. మా చిన్నదానికి అదే ఇబ్బంది, స్క్రీన్ ఆమె కళ్ళకి సమానంగా వచ్చేలా పైకి జరిపాక చాలా తగ్గింది, తల కిందకి వంచి చూసినప్పుడే ఎక్కువ. అయినా ఘాట్ రోడ్డు వస్తే ఆపేసి కిటికీలోంచి చూడమంటా.

వెనక్కి తిరిగి ఉండే సీట్లో పడుకునే పసిబిడ్డ ఉంటే మాత్రం ఇప్పుడే కొనకండి, వాళ్ళకి అసలు కనపడదు.