మీరడిగారు: లండన్ హైగేట్ సమాధుల తోట

ప్రశ్న: కార్ల్ మార్క్స్ సమాధి ఉన్న హైగేట్‌ను ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిందట. చర్చి ఆవరణలుండగా కంపెనీకేం పని? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: చర్చి ఆవరణల్లో చోటు లేకనే. 1801లో పది లక్షలున్న లండన్ జనాభా 50 ఏళ్లలో రెట్టింపు దాటింది. పాత గోతులనే తిరగదవ్వి, కుళ్లీ కుళ్లని శవాల మీద కొత్తవి పెట్టేవారు. అందుకే ఊరి అంచుల్లో సమాధుల తోటలు పెట్టుకోవడానికి పార్లమెంటు కంపెనీలకు అనుమతిచ్చింది. 1833లో కెన్సల్ గ్రీన్‌తో మొదలై 1841 నాటికి ఏడు వెలిశాయి. (రవీంద్రుడి తాత ద్వారకానాథ్ టాగూర్‌ను పాతిపెట్టింది కెన్సల్ గ్రీన్‌లోనే.)

హైగేట్ 1839లో తెరుచుకుంది. దాన్ని పెట్టిన కంపెనీ స్థాపకుడు, వాస్తుశిల్పి స్టీఫెన్ గియరీ కొండవాలును వ్యాపారికి తగ్గట్టే మలిచాడు. ఈజిప్షియన్ అవెన్యూ అనే దారిలో శవపేటికలు పెట్టే గదులు 16, గదికి 12 పేటికలు. అది దాటితే 'లెబనాన్ వలయం' అనే గుండ్రటి గదుల వరుస. అప్పటికే అక్కడున్న లెబనాన్ దేవదారు చెట్టును కొట్టకుండా, చుట్టూ మట్టి తవ్వి గదులు కట్టారు. దాంతో చెట్టు కప్పు మీద మొలిచినట్టుండేది. ముదిరి ప్రమాదంగా మారడంతో 2019లో దాన్ని తీసేశారు.

ప్రశ్న: మట్టిలో పూడ్చకుండా గదుల్లో పెడితే వాసన రాదా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: రాకూడదనే మూడు పొరల పేటిక. లోపల చెక్కపెట్టె, దానిపై టంకం వేసి మూసిన సీసపు రేకు, పైన అలంకారపు చెక్కపెట్టె. ఆపైన పేటిక పెట్టిన గూటి ముందువైపు రాతిపలక బిగిస్తారు. తిప్పలంతా టంకంతోనే: లోపల పుట్టే వాయువుకు దారి లేక సీసం ఉబ్బుతుంది, అతుకు బలహీనంగా ఉంటే చీలుతుంది.

ప్రశ్న: అంత ఖరీదైన తోట అడవిలా ఎందుకైంది? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: స్థలం అమ్మిన డబ్బు ఒక్కసారే వస్తుంది, బాగోగుల ఖర్చు ఎప్పటికీ ఉంటుంది. అమ్మడానికి చోటు తరిగేకొద్దీ కంపెనీకి రాబడి ఎండిపోయింది. కోసేవాళ్లు లేక సికమోర్, యాష్ మొక్కలు సమాధుల సందుల్లో మొలిచాయి. వేళ్లు లావెక్కి పలకల్ని పైకెత్తాయి, గోడల్ని చీల్చాయి. 1975లో ఏర్పడిన 'ఫ్రెండ్స్ ఆఫ్ హైగేట్ సెమెటరీ' సంస్థ బాగుచేతకు పూనుకుంది. చెట్లన్నీ నరికేయకుండా, కట్టడాల్ని చీల్చేవాటినే తీయడం తెలివైన పని.

మార్క్స్ సమాధి తూర్పు భాగంలో ఉంది, పైన చెప్పిన కట్టడాలు పడమటి భాగంలో. మధ్యలో స్వెయిన్స్ లేన్ అనే రోడ్డు. 1883లో ఆయన్ను పెట్టింది ఓ మారుమూల గోతిలో. 1954లో దారి పక్కకు మార్చి, 1956లో కంచు శిరస్సు నిలిపారు.