సైకిల్ మీద ఇష్టానికి పాండిత్యం అక్కర్లేదు

మీ ప్రశ్న ఇది: "ఆదివారాలు సైకిల్ మీద కాసేపు తిరిగి రావడం నాకు సరదా. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆఫీసులో అందరూ నన్ను సైకిల్ నిపుణుడిని చేసేశారు. ఏ కంపెనీది మంచిది, ఎన్ని గేర్లు ఉండాలి అని అడుగుతున్నారు. ఈ ముద్ర పడకుండా సరదాను సరదాగానే ఉంచుకోవడం ఎలా?"

ప్రశ్న చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఇదే విషయం మీద చాలాకాలంగా నాలో నేనే వాదించుకుంటున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: తీర్పులు చెప్పకండి. ఇది మేలు, అది దండగ అని ఒక్కసారి అన్నారంటే జనం మీ చేతికి తక్కెడ ఇచ్చేస్తారు. ఆ తరువాత మీరు సైకిల్ తొక్కే మనిషి కారు, సైకిళ్లను తూచే మనిషి. తూచడం మొదలుపెట్టిన మనిషికి సొంత సైకిల్ కూడా తక్కువగానే తూగుతుంది. ఇది నేను కళ్లారా చూశాను.

నా దగ్గర ఉన్నది మా నాన్నగారి ర్యాలీ సైకిల్. 1971లో ఆయన అలకపాన్పు మీద కూర్చుంటే మా తాతగారు ఇచ్చినది. ఆ రోజుల్లో ఈ బండ్లు బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గరి ఫ్యాక్టరీలో తయారై ఇంత దూరం వచ్చేవి. నల్ల రంగు, చైను మొత్తాన్ని కప్పేసే చైన్ కవరు, కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు. నాన్నగారు దాని మీద 31 ఏళ్లు హైస్కూలుకు వెళ్లి వచ్చారు. క్యారియర్ మీద పరీక్ష పేపర్ల కట్ట, హ్యాండిల్‌కు కూరల సంచి, ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి దాని మీద నేను. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి అక్కడ ఎనిమిది ఎక్కువ. బడికి వెళ్లకముందే ఆ స్పోకులు ముట్టుకుంటూ అంకెలు నేర్చుకున్నాను. నాకు నలభై దాకా లెక్క వచ్చిందంటే ఆ వెనక చక్రం వల్లే.

ఏటా సంక్రాంతికి ముందు బండిని దుకాణానికి తీసుకెళ్లేవాళ్లం. బోర్డు మీద "ఓవరాయిలింగ్ చేయబడును" అని ఉండేది. అసలు మాట ఓవర్‌హాలింగ్ అని నాకు కాలేజీలో తెలిసింది. ఇప్పటికీ ఓవరాయిలింగ్ అనే అంటాను. చేసేది నూనె పనే కదా, ఆ మాటే దానికి తగినది. చక్రాలు ఊడదీసి, ఇరుసుకు బిగించిన కోన్లు విప్పి, లోపల చక్రం తేలిగ్గా తిరిగేందుకు ఉండే చిన్న ఉక్కు గుండ్లను, అంటే బాల్స్‌ను, కిరోసిన్ పోసిన సత్తుపళ్లెంలో వేసేవారు. వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి గొట్టంలో, ఒక్కో వైపు తొమ్మిది. అవి లెక్కపెట్టే పని నాది. నల్లటి మడ్డి విడిపోయి, కిరోసిన్ అడుగున ఒక్కో బాలు వెండిపూసలా బయటపడుతుంటే చూస్తూ ఎంతసేపైనా కూర్చునేవాడిని. సైకిల్ మీద నా ఇష్టం ఆ పళ్లెంలోనే పుట్టింది. దానికి ఏ పాండిత్యమూ అవసరం కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున రాజమహేంద్రవరం నుంచి కడియం వైపు బయల్దేరాను. ధవళేశ్వరం దాకా గోదావరి గట్టు, అక్కడి నుంచి కాలువ పక్కన వేమగిరి మీదుగా కడియపులంక. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర నుంచి ఈ వైపు ఊళ్లన్నీ కాలువ నీళ్ల మీదే బతికాయి. ఆ నెలలో నర్సరీల ముందు చామంతులు, బంతులు బారులు తీరి ఉంటాయి. మంచు పట్టిన ఆకుల వాసన, తడిమట్టి వాసన కలిసి వస్తాయి. కారులో వెళ్లేవారికి ఆ వాసన తెలియదు. మోటారు సైకిల్ మీద వెళ్లేవారికి అందేలోపే వెనక్కి పోతుంది. సైకిల్ వేగానికే అది సరిగ్గా ముక్కుకు తగులుతుంది.

వేమగిరి దాటాక ఎడమ పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ "టక్" మని చప్పుడు మొదలైంది. కాసేపటికి కాలికి కూడా తెలుస్తోంది, పెడల్ ఒక్క వెంట్రుకవాసి ముందుకు జారి ఆగుతున్నట్టు. లోపల ఇరుసు అరిగిపోయిందేమోనని దిగులు పట్టుకుంది. రోడ్డు పక్క చింతచెట్టు కింద ఒక రిపేరు దుకాణం కనిపించింది. దుకాణమంటే నాలుగు రేకులు, ఒక గాలి పంపు, సగం నీళ్లతో పంక్చర్లు చూసే బేసిన్, గోడకు మేకుల మీద పాత టైర్లు. మేస్త్రీకి డెబ్భై ఏళ్లు ఉంటాయి. నేను చెప్పేదంతా ఆయన వినలేదు. "ఒకసారి తొక్కి చూపించండి బాబుగారూ" అన్నారు. పది గజాలు తొక్కాను. వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో సుత్తి ఉంది.

"ఇరుసు బాగానే ఉందండి. కాటర్ పిన్ను అరిగింది" అన్నారు. పెడల్ ఉండే చేతిని, అంటే క్రాంకును, లోపలి ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప మేకు అది. చూసి కాదు, విని చెప్పారు.

పాత పిన్ను కొట్టి తీసి నా అరచేతిలో పెట్టారు. ఏటవాలుగా ఉండాల్సిన ముఖం మీద సన్నటి మెట్టు పడింది. అగ్గిపుల్ల మందం కూడా లేదు. ఆ మెట్టు వల్లే అంత చప్పుడు. కొత్త పిన్ను తీసి, ఆకురాయితో వాలు మీద నాలుగుసార్లు రుద్దారు, రంధ్రంలో పెట్టి చూశారు, తీశారు, మళ్లీ రెండుసార్లు రుద్దారు. "అన్నీ ఒకే కొలత అంటారు గానీ ఏ బండి పిన్ను ఆ బండికే రుద్దుకోవాలండి." ఆ తరువాత క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్కను నేల మీద ఆనించి నిలబెట్టారు. ఎందుకని అడిగాను. "ఈ దెబ్బ భూమికి పోవాలండి, లోపల ఉన్న బాల్స్‌కు పోకూడదు" అన్నారు. మూడు దెబ్బలు వేశారు. మొదటి రెండూ బోలుగా మోగాయి, మూడోది గట్టిగా, బరువుగా మోగింది. అప్పుడు ఆపి నట్టు బిగించారు. నట్టు తిప్పి పిన్నును లాగితే మరలు పోతాయని, పిన్ను దెబ్బకే కూర్చోవాలని, నట్టు దాన్ని జారిపోకుండా పట్టుకోవడానికి మాత్రమేనని చెప్పారు. "ఇంటికి వెళ్లాక ఇంకోసారి కొట్టించి బిగించుకోండి. తొక్కితే కాస్త సర్దుకుంటుంది."

సరిగ్గా అప్పుడే పక్కనున్న టీ దుకాణం దగ్గర ఐదారుగురు సైకిలిస్టులు ఆగారు. మంచివాళ్లే, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కార్బన్ ఫ్రేములు, బిగుతు దుస్తులు, తొడిగితే చాలు అడుగులు టకటకమనే బూట్లు. వారిలో ఒకాయన నా బండి చూసి పరుగున వచ్చారు. "అబ్బ! వింటేజ్! ఏ సంవత్సరం? ఫ్రేము నంబరు ఉందా? సీటు ఒరిజినలేనా?" అంటూ ఫొటోలు తీశారు. మా నాన్నగారిదని చెప్పాను. ఆయన మిగతావారిని పిలిచి, "ఈయన పాత సైకిళ్ల మీద అథారిటీ" అని పరిచయం చేసేశారు. పది నిమిషాల క్రితం దాకా చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలియని మనిషిని నేను. పక్కనే నేల మీద కూర్చుని, ఆ చప్పుడును చెవితో పట్టుకున్న మనిషి ఉన్నారు. ఆయన వైపు ఒక్కరూ చూడలేదు. ఒకాయన మాత్రం "గాలి పెడతావా?" అని ఏకవచనంలో అడిగారు.

ఆ "పెడతావా" నాకు ఈ రోజుకీ గుచ్చుకుంటూనే ఉంది. మేస్త్రీ పంపు తీసుకుని వెళ్లారు. వాళ్ల బండ్ల సన్నటి వాల్వు మన పాత పంపుకు అందదని ముందే చూసినట్టున్నారు, డబ్బాలోంచి చిన్న ఇత్తడి తొడుగు తీసి బిగించి మరీ గాలి కొట్టారు.

అందుకే అంటున్నాను, ఈ నిపుణుడు, రసజ్ఞుడు అనే పేర్లకూ సైకిల్ జ్ఞానానికీ ఏ సంబంధమూ లేదు. జ్ఞానాన్ని బట్టి ఆ పేరు ఇచ్చేటట్టయితే చింతచెట్టు కింద ఆయనకు ఇవ్వాలి. ఆయనను అందరూ పంక్చర్లు వేసే మనిషి అంటారు. వస్తువు ఉండి, దాని గురించి నాలుగు పేర్లు చెప్పగలిగితే నిపుణుడు అంటారు. మీ ఆఫీసులో మీకు పడిన ముద్ర కూడా అలాంటిదే. మీరు దాన్ని సంపాదించలేదు కాబట్టి దాన్ని మోయాల్సిన బాధ్యతా మీకు లేదు.

చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఇప్పుడు దుకాణాల్లో పిల్లలకు అమ్మే సైకిళ్లు చూడండి. చాలావాటికి మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, కొన్నిటికి స్టాండు కూడా లేదు. వాన పడితే వీపు మీద బురద గీత, ఆపితే గోడ వెతుక్కోవాలి, కూరలు తేవాలంటే వీపుకు సంచి తగిలించుకోవాలి. సైకిల్‌ను పనిలోంచి తప్పించి ఆటవస్తువును చేశాక, దాన్ని తొక్కే ప్రతి మనిషీ అయితే ఆటగాడు, కాకపోతే వింత మనిషి అవుతాడు. నాన్నగారి కాలంలో సైకిల్ తొక్కితే ఎవరూ ఏ పేరూ పెట్టేవారు కాదు. ఊరంతా తొక్కేది. లైటు లేకుండా రాత్రిపూట వెళితే పోలీసు ఆపేవాడు, పంచాయతీకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో సైకిల్ అంటే బండి.

హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి చూశాను. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ, నున్నటి దారి. సంతోషంగా తొక్కాను. కానీ అక్కడికి చేరడానికి బావగారి కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లాం. ఇంటి నుంచి ఆఫీసుకు, బడికి, బజారుకు అలాంటి నీడ ఇచ్చి ఉంటే ఊరి రూపమే మారేదని నా నమ్మకం.

కిలోమీటర్లు లెక్క రాసుకోవద్దని కూడా మీకు చెబుతాను. ఒక ఏడాది నేను నోటుపుస్తకంలో రాశాను. అంకె 38 దగ్గర ఆగితే ఇంటి ముందుకు వచ్చి కూడా వీధి చుట్టూ తిరిగి 40 చేసేవాడిని. ఆ చివరి రెండు కిలోమీటర్లలో చెట్టూ కనబడలేదు, మనిషీ కనబడలేదు. పుస్తకం మూసేశాను. బ్రెవే అనే గడువు రైడ్లలో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేసేవారి పట్టుదలకు నమస్కారం. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి పారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి తిరిగి వచ్చే 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో తొక్కడానికి మన దేశం నుంచి కూడా వెళ్తారు. వాళ్లకు లెక్క కావాలి, అది వాళ్ల ఆనందం. మీరు అడిగిన ఆనందం వేరు.

ఆఫీసులో మళ్లీ ఎవరైనా "ఏ సైకిల్ కొనమంటారు?" అని అడిగితే కంపెనీ పేరు చెప్పకండి. "మీ ఇంటి దగ్గర రిపేరు దుకాణం ఎక్కడుంది? అక్కడి మేస్త్రీ ఏది బాగుచేయగలనంటే అది కొనండి" అనండి. నేను రెండేళ్లుగా ఇదే చెబుతున్నాను. అడిగినవారిలో ఇద్దరు నిజంగానే వెళ్లి మేస్త్రీని అడిగి కొన్నారు. మిగతావారు నన్ను అడగడం మానేశారు. మీరు తిరిగి వచ్చిన దారి గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పండి. ఎక్కడ తాటిముంజెలు అమ్ముతున్నారో, ఏ వంతెన కింద పిల్లలు ఈత కొడుతున్నారో చెబితే ఎవరూ మిమ్మల్ని నిపుణుడనరు. వచ్చే ఆదివారం తామూ వస్తామంటారు.

ఆ రోజు సైకిలిస్టులు వెళ్లిపోయాక మేస్త్రీ డబ్బులు తీసుకుంటూ కుడి వైపు క్రాంకును ఒకసారి పట్టి ఊపి చూశారు. "దీనికి ఇంకో ఏడాది ఢోకా లేదండి. ఏడాది తిరిగేలోపు తీసుకురండి, అదీ మారుద్దాం. రెండు పిన్నులూ ఎదురెదురుగా ఉండాలి, ఒకే వైపు పెడితే పెడల్లు రెండూ ఒక వరుసలో నిలబడవు. వేరే ఎక్కడైనా వేయిస్తే అది చూసుకోండి" అన్నారు.

వేరే ఎక్కడా వేయించను. పిన్ను కొని జేబులో పెట్టుకున్నాను. ఈ ఆదివారం మంచు విడవకముందే బయల్దేరుతున్నాను.