స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి పోయిందన్న ఉదయగిరి తమ్ముడికి

తమ్ముడూ, ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మొదట నువ్వే, ట్రస్టు పంపిన 60,000 రూపాయలు ఖాతాలో పడకుండా వెనక్కి పోయాయని రాశావు. నీది పూర్తి కేవైసీ, అంటే గుర్తింపు కాగితాల పరిశీలన, జరగని చిన్న ఖాతా అన్నావు కదా, చిక్కు అక్కడే ఉంది. అందులో నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీయలేవు కూడా.

ఆధార్, పాన్, ఫోటోలు తీసుకుని నీ బ్రాంచికే వెళ్లి, మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వు. పాస్‌బుక్‌లో, ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందా చూసుకో. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే మళ్లీ ఆగొచ్చు.

ఫీజు గడువు ముంచుకొస్తుంటే కాలేజీ ఖాతాకే నేరుగా కట్టమని ట్రస్టును అడుగు. బోనఫైడ్ (నువ్వు అక్కడే చదువుతున్నావని కాలేజీ ఇచ్చే పత్రం), ఫీజు వివరాల కాగితం జతచెయ్యి. మెంటార్‌కి ఈరోజే ఫోన్ చెయ్యి. మొహమాటపడకు, ఇలాంటివి చెప్పుకోవడానికే ఆయన్ని పెట్టారు.