గన్నవరం నుంచి వైజాగ్‌కి విమానంలో ఎంతసేపు?

విజయవాడ వాళ్ల గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం, విమానంలో ఎంతసేపు అని అడిగారు. గాల్లో కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రైలు దారి అయితే 350. టికెట్ మీద గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది. అందులో గాల్లో ఉండేది ముప్పావు గంటే. మిగతాది రన్‌వే దాకా వెళ్లడానికి, దిగాక విమానం ఆగే చోటికి రావడానికి పోతుంది.

ఆ గంటను నమ్ముకుని మాత్రం శుభకార్యాలకి బయల్దేరకండి. నేను బయల్దేరాను.

జనవరి చివర్లో మా బాబాయి షష్టిపూర్తి. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మండపం, పదకొండుంబావుకి ముహూర్తం. అక్కా బావా ముందురోజు రాత్రే రైలెక్కారు. నాకు సెలవు దొరకలేదు, పొద్దున 7:45 విమానానికి టికెట్ తీసుకున్నాను. ఐదున్నరకి భవానీపురంలో క్యాబ్ ఎక్కితే, బెంజి సర్కిల్ దాటాక ముందున్న లారీ లైట్లు కూడా కనపడనంత మంచు. మేం ఎక్కాల్సిన విమానం గన్నవరం మీద చుట్టూ తిరిగింది. పైన చప్పుడు వినిపించింది కూడా. రన్‌వే కనపడక హైదరాబాద్ వెళ్లిపోయింది.

ఎప్పుడొస్తుందని కౌంటర్‌లో అడిగితే "మాకూ సమాచారం లేదండి" అన్న ఒక్క మాటే. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నారు, కనీసం మంచినీళ్లు ఇచ్చిన పాపాన పోలేదు. బాబాయికి ఇష్టమని ఇంట్లో కాచిన ఉలవచారు సీసా అప్పటికే సెక్యూరిటీ దగ్గర తీసేశారు, ద్రవపదార్థమట. చేతి సంచిలో అలాంటివి పెట్టుకోకండి.

విమానం తిరిగొచ్చి మేం క్యూలో నిలబడేసరికి పదకొండుంబావు. అక్క వీడియో కాల్ చేసింది. బాబాయి పిన్ని మెడలో తాళి కడుతుంటే నేను బోర్డింగ్ పాస్ పట్టుకుని ఫోన్‌లో అక్షింతలు వేశాను. మండపం చేరేసరికి ఒకటిన్నర. అంటే ఎనిమిది గంటలు.

మంచు లేకపోయినా లెక్క వేసుకోండి. ఊళ్లోంచి గన్నవరానికి ముప్పావు గంట, అక్కడ గంటన్నర ముందు ఉండాలి, విమానంలో గంట, బ్యాగు తీసుకుని బయటపడి ఎయిర్‌పోర్టు దగ్గరి ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటడానికి ఇంకో గంట. నాలుగు గంటలు దాటింది. వందే భారత్ ఊరి మధ్యలో ఎక్కించుకుని దాదాపు నాలుగున్నర గంటల్లో ఊరి మధ్యలో దింపుతుంది. విమానాలన్నీ భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోతే వైజాగ్‌లోకి రావడానికే ఇంకో నలభై అయిదు కిలోమీటర్లు. అప్పుడిక విమానం మాటే వద్దు.

పగలు వెళ్లేట్టయితే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ చూడండి. పొద్దున ఆరింటి ప్రాంతంలో విజయవాడలో బయల్దేరి మధ్యాహ్నానికి వైజాగ్‌లో ఉంటుంది. కార్యానికైతే మా అక్కలాగా ముందురోజు రాత్రి బండికి రిజర్వేషన్ చేయించుకోండి. షష్టిపూర్తి ఆల్బమ్‌లో తాళి కట్టే ఫోటోలో అందరూ ఉన్నారు. పిన్ని పక్కన అక్క చేతిలో ఫోన్ ఉంది, అందులో నేనున్నాను.